తాటాకు కమ్మ, చిల్లుకాణీ, రాతి పూస: పారేసిన వస్తువుల నగలకూ ఒక చరిత్ర ఉంది

నగల చరిత్ర పేరుతో మనకు ఇప్పటిదాకా చెప్పింది ఖజానాల చరిత్రే. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలు 173 కొన్నది. వాటికి 218 కోట్ల రూపాయలు కట్టింది. తర్వాత హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శనకు పెట్టారు. పెట్టొద్దని ఎవరూ అనరు. కానీ నిజాములు ఆ నగలు కూడబెట్టిన రోజుల్లోనే, తెలుగు నేల మీద చెవికి తాటాకు చుట్ట, ముక్కుకు చీపురుపుల్ల, మెడకు గింజల దండ, చంటిపిల్లవాడి మొలతాడుకు ఒక రాగి కాసు కట్టుకుని బతికిన ఆడవాళ్లున్నారు. వాళ్ల నగలకు ఏ జాబితా లేదు. ఆకు ఎండి రాలిపోయింది. దారం తెగింది. గింజలు పురుగు పట్టాయి. ఖజానాకు ఎక్కనిది చరిత్రకూ ఎక్కలేదు.

ఈ నగల గురించి ఎవరన్నా మాట్లాడినా ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ‘పాపం, బీదవాళ్లు, బంగారం కొనలేక ఆకులూ గింజలూ పెట్టుకున్నారు, అంతేగా’ అంటారు. లేమి నిజమే. కానీ అది సగం నిజం. కొనలేకపోవడం ఒకటి, కొని పెట్టుకుంటే కొట్టడం ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపేసి ‘బీదతనం’ అని ఒక్క పేరు పెట్టడం వల్ల కులం చేసిన పని కనపడకుండా పోతోంది. ఆ రెండింటినీ విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

పేర్లు చెప్పే సాక్ష్యం

రాతపూర్వక ఆధారాలు లేనిచోట భాషను అడగాలి. తెలుగులో ‘కమ్మ’ అంటే తాటాకు. కమ్మ అంటే ఆకు మీద రాసిన ఉత్తరం. కమ్మ అంటే చెవికి పెట్టుకునే నగ కూడా. తమిళంలో ‘ఓలై’ అన్న మాటకూ ఇదే కథ, ఆకూ అదే, చెవి నగా అదే. అంటే ముందు చెవికి ఎక్కింది ఆకు. తర్వాత ఎవరో కలిగినవాళ్లు దాన్ని బంగారంలో పోయించుకున్నారు. బంగారు కమ్మ తాటాకు కమ్మకు నకలు. మన పుస్తకాలు ఈ వరసను తిరగేసి, ఆకు కమ్మను బంగారపు కమ్మకు పేద నకలుగా చూపిస్తాయి.

గురివింద గింజ సంగతీ చూడండి. కంసాలి బంగారం తూచింది దీంతోనే. ‘గురిగింజ ఎత్తు బంగారం’ అనే మాట ఇప్పటికీ పెద్దవాళ్ల నోట వినపడుతుంది. తక్కెడలో ఒకవైపు బంగారం, ఇంకోవైపు కంచె మీది గింజ. బంగారం ఒకరి మెడలోకి పోయింది, గింజ ఇంకొకరి మెడలోకి వచ్చింది.

గవ్వ ఒకనాడు డబ్బు. ఒడిశా, బెంగాల్ ప్రాంతాల్లో పంతొమ్మిదో శతాబ్దం మొదటి దాకా చిల్లర కింద చెలామణి అయింది. దానికి చిల్లు పెట్టి దారానికి గుచ్చితే నగ. మన భాషలో మాత్రం ‘చిల్లిగవ్వ’ అంటే దేనికీ కొరగానిది. లంబాడీ ఆడవాళ్లు అవే గవ్వలను బట్టల మీద వరసలుగా కుట్టుకున్నారు. ఒకరికి పనికిరానిది ఇంకొకరి ఒంటి మీద అందమైంది.

చిల్లుకాణీకి మరీ దగ్గరి చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాగికి కరువొచ్చి, బ్రిటిష్ ప్రభుత్వం కాణీ నడుమ పెద్ద చిల్లు పెట్టి ముద్రించింది. 1943 నుంచి 1947 దాకా అవి వచ్చాయి. సర్కారు రాగి మిగుల్చుకోవటానికి పెట్టిన చిల్లు, తల్లులకు దారం దూర్చటానికి పనికొచ్చింది. పిల్లల మొలతాళ్లకు అవి ఎక్కాయి.

అసలు విలువైన వస్తువుకు చవక రూపం చేసుకోవటం ఈ నేల మీద కొత్త కాదు. ఇప్పటి సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల మొదట్లో హైదరాబాదు సంస్థానపు పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల కాలపు రకరకాల పూసలతో పాటు, రోము చక్రవర్తి టైబీరియస్ నాణేన్ని చూసి మట్టితో ఒత్తిన బిళ్లలు కూడా అక్కడ దొరికాయి. ఆ రోజుల్లో రోము నాణెం బంగారమైతే, ఈ బిళ్ల కాల్చిన మట్టి. చెయ్యి అడ్డుపడకపోతే మనిషి దేనితోనైనా నగ చేసుకుంటాడు. అడ్డుపడ్డ చెయ్యి ఎవరిదన్నది ఇప్పుడు చూద్దాం.

ఇనుమే నగ అన్న శాసనం

మనుస్మృతి పదో అధ్యాయం 51, 52 శ్లోకాల్లో చండాలుల గురించి ఉంది. వాళ్ల ఇళ్లు ఊరి బయట ఉండాలి. చచ్చినవాళ్ల బట్టలు కట్టుకోవాలి. పగిలిన పాత్రల్లో తినాలి. నగలు ఇనుపవి కావాలి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బట్ట ఒకరు వాడి వదిలేసింది. పాత్ర ఒకరు పగలగొట్టింది. నగ పొలం పనిముట్ల లోహం. పారేసిన వస్తువును తిరిగి వాడుకోవటం అనే సంగతిని ఇవాళ గొప్ప ఆదర్శంగా చెబుతున్నారు. మనువు దాన్ని కొందరి మీద శిక్షగా రాసిపెట్టాడు.

శాస్త్రంలో రాసినంత మాత్రాన ప్రతి ఊళ్లో అట్లాగే జరిగిందని అనలేం, సరే. మరి ఇరవయ్యో శతాబ్దంలో జరిగినవి చూద్దాం.

1928 జనవరిలో ఇండోరు ప్రాంతపు వార్త ఒకటి పత్రికకెక్కింది. అంబేద్కర్ దాన్ని 1936లో అచ్చయిన ‘కుల నిర్మూలన’ ప్రసంగంలో ఎత్తిచూపారు. కనారియా, బిచోలీ గ్రామాలతో పాటు ఇంకా పదిహేను గ్రామాల సవర్ణులు అక్కడి బలాయీలకు షరతులు పెట్టారు. మగవాళ్లు జరీ అంచు తలపాగాలు చుట్టకూడదు, రంగు అంచు పంచెలు కట్టకూడదు. ఆడవాళ్లు బంగారు నగలు, వెండి నగలు పెట్టకూడదు. ఒప్పుకోకపోతే ఊళ్లో బతకకూడదు.

దాదాపు మూడేళ్లకు తమిళనాట రామనాథపురం జిల్లాలో ఇదే జరిగింది. 1930 డిసెంబరులో అక్కడి కళ్లర్లు ఆది ద్రావిడులకు ఎనిమిది నిషేధాలు ప్రకటించారు. 1931 జనాభా లెక్కల కమిషనర్ హట్టన్ తన రచనలో వాటిని నమోదు చేశాడు. మొదటి నిషేధమే బంగారం, వెండి నగలు వద్దని. ఇంట్లో మట్టి పాత్రలు తప్ప వేరేవి ఉండకూడదు. ఆడవాళ్లు పై ఒంటి మీద బట్ట వేసుకోకూడదు. పూలు పెట్టుకోకూడదు, పసుపు రాసుకోకూడదు. మగవాళ్లు గొడుగు పట్టకూడదు, చెప్పులు తొడగకూడదు. మాట వినని చోట గుడిసెలు తగలబెట్టారు, గాదెలు పాడుచేశారు, పశువులు తోలుకుపోయారు.

ఈ జాబితాలో పూల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పువ్వుకు ఖరీదేముంది? కంచె మీద పూస్తుంది, దొడ్లో పూస్తుంది. బంగారం కొనలేక పెట్టుకోలేదన్నారు, మరి పువ్వు ఎందుకు పెట్టుకోకూడదు? బీదతనమే కారణమైతే పువ్వు మీద నిషేధం అక్కర్లేదు. పేదరాలు అందంగా కనపడటం, ఊరి ఆడవాళ్లలాగా కనపడటం, చూసీచూడగానే కులం తెలియకపోవటం, ఇవీ వాళ్లకు కంటగింపయినవి. నగ ఒంటి మీది రాత. ఎవరెవరో ఆ రాత చదివి తెలుసుకోవాలి. కులానికి కావలసింది అదే.

చేతిలోని చదువు

నిషేధం చెప్పి ఊరుకుంటే చరిత్ర మళ్లీ సగమే అవుతుంది. వద్దన్న చోట ఆ ఆడవాళ్లు ఊరికే కూచోలేదు. చేతికి దొరికినదానితో ఏదో ఒకటి చేసుకున్నారు. ఆ చేయటంలో ఎంత తెలివి ఉందో మన విద్యావంతులు పట్టించుకోలేదు.

తాటాకు కమ్మనే తీసుకోండి. లేత ఆకు కోసి, ఈనె తీసేసి, సన్నని పట్టీగా చీల్చి, గట్టిగా చుట్ట చుట్టి చెవి చిల్లులో పెడతారు. ఆకుకు విప్పుకునే గుణం ఉంది. చుట్ట మెల్లమెల్లగా విప్పుకుంటూ చిల్లును నొప్పి తెలియకుండా వెడల్పు చేస్తుంది. చుట్ట వదులైతే ఇంకొంచెం లావు చుట్ట. ఆకు దొరకని చోట జొన్న బెండు ముక్క. కుట్టిన ముక్కు పూడిపోకుండా చీపురుపుల్ల. చీపురుపుల్ల పెట్టుకున్న ముక్కు చూసి నవ్వినవాళ్లున్నారు. పుల్ల పెట్టుకున్న మనిషి మాత్రం ఎప్పటికైనా ఒక ముక్కుపుడక పెట్టుకోవాలనే ఆశతోనే ఆ చిల్లును కాపాడుకుంది.

పగిలిన గాజు ముక్కల గొలుసు చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు. గాజు ముక్కను దీపం సెగ మీద పట్టుకుంటే ఎర్రబడి మెత్తబడుతుంది. రెండు కొసలు దగ్గరికి వంచితే చిన్న వలయం. ఆ వలయంలో ఇంకో ముక్క దూర్చి మళ్లీ సెగ చూపిస్తే రెండో వలయం. అట్లా మూరెడు గొలుసు. ఏ సెగ దగ్గర వంగుతుందో, ఏ క్షణాన తీయకపోతే పుటుక్కుమంటుందో వేళ్లకు తెలియాలి. కొలిమి లేని ఇంట్లో, కిరసనాయిలు బుడ్డి మీద చేసిన గాజు పని అది. పెద్దింటి గాజులు చిట్లి పెంటలోకి పోతే, ఆ పెంట ఎత్తే ఇంటి పిల్లలు రంగురంగుల ముక్కలు ఏరుకున్నారు.

చింతగింజ నానితేగానీ సూది దిగదు. గురివింద గింజ మరీ జాగ్రత్తగా చూసుకోవలసింది. దాని పెంకు పగలనంత వరకు భయం లేదు, లోపలి పప్పు మాత్రం విషం. చిల్లు పెట్టేటప్పుడు ఆ పొడి నోట్లోకీ కంట్లోకీ పోకూడదు. పసిపిల్ల మెడలో వేయకూడదు, కొరికితే ప్రమాదం. ఇది పుస్తకాల్లో చదివి నేర్చిన సంగతి కాదు. పగిలిన సత్తు గిన్నె, తెగిన రాగి తీగ, సిగరెట్టు పెట్టెలోని తళుకు కాగితం, చివరికి ప్లాస్టిక్ వైరు, ఏ కాలంలో ఏది పారేస్తే అది నగలోకి వచ్చింది. ఊళ్లోకి ఎప్పుడు ఏ వస్తువు దిగిందో ఈ నగల్ని బట్టి కాలం కట్టవచ్చు.

తెంపి కుప్పపోసిన దండలు

మరి ఇంత పనితనం ఉన్న నగల్ని ఆ ఆడవాళ్లే ఎందుకు తెంపి పారేశారు?

తిరువాన్కూరు సంస్థానంలో పులయ స్త్రీలు ‘కల్లుమాల’ వేసుకునేవాళ్లు. మలయాళంలో కల్లు అంటే రాయి. రాళ్లు, గాజు పూసలు, ఇనప ముక్కలు గుచ్చిన బరువైన దండలవి. పై ఒంటికి బట్ట వేసుకోనివ్వని చోట ఛాతీని కాస్త మరుగుపరిచింది ఆ దండలే. పులయ స్త్రీ అని దూరాన్నుంచే పోల్చుకోవటానికీ ఆ దండలే గుర్తు. అయ్యంకాళి 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టినాక, ఈ దండలు వదిలేయాలన్న మాట ఊరూరా పాకింది. 1915 అక్టోబరులో కొల్లం దగ్గర పెరినాడులో పులయల సభ జరుగుతుంటే అగ్రవర్ణాల వాళ్లు దాడి చేశారు. గుడిసెలు తగలబడ్డాయి. జనం ఊళ్లు వదిలి పారిపోయారు. ఒక దండ వేసుకోం అన్నందుకు ఇంత జరిగింది.

అదే ఏడాది డిసెంబరులో అయ్యంకాళి కొల్లంలోని పీరంకి మైదానంలో పెద్ద సభ పెట్టించారు. నాయరు కులస్థుడైన చంగనాశేరి పరమేశ్వరన్ పిళ్ల అధ్యక్షత వహించారు. అయ్యంకాళి పిలుపు మీద అక్కడికక్కడే ఆడవాళ్లు కొడవళ్లతో దండలు కోసి పడేశారు. కోసిన దండలు కుప్ప అయ్యాయి. దీన్నే కల్లుమాల సమరం అంటారు. ఆ కొడవలి వాళ్ల జీవితమంతా ఒకరి పొలంలో కోత కోసినదే.

పన్నెండేళ్లకు, 1927 డిసెంబరులో, మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సభలోనే అంబేద్కర్ ఆడవాళ్లతో విడిగా మాట్లాడారు. చీర కట్టే తీరు, మెడనిండా వేసుకునే దండలు, మోచేతిదాకా తొడిగే వెండి, తగరపు కడియాలు, ఇవన్నీ అంటరానితనాన్ని చాటే గుర్తులని చెప్పారు. పెట్టుకుంటే బంగారం పెట్టుకోండి, లేకపోతే ఏమీ పెట్టుకోకండి అన్నారు. ఆ సభకు వచ్చిన ఆడవాళ్లు చీరకట్టు మార్చుకున్నారు. ఇనుమే నగ అన్న పుస్తకం కాలినచోటే ఈ మాట వినపడటం యాదృచ్ఛికం అనుకోలేం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మన చేతి నగల్ని మనమే వదిలేసి పెద్దకులాల వేషం వేసుకోవటం వాళ్లను అనుకరించటం కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కానీ కొల్లంలో కోసింది పూసను కాదు, ఆ పూస వేసుకోక తప్పదన్న కట్టును. వేసుకోకపోతే గుడిసె తగలబెడతాం అన్నప్పుడు అది నగ కాదు, సంకెల. ఇష్టమైతే వేసుకుని ఇష్టం లేకపోతే తీసేసే హక్కు ఉన్ననాడే ఏ పూసైనా నగ అవుతుంది. ఆ హక్కు ముందు రావాలి, కళ గురించి మాట తర్వాత.

చిందు కిరీటం

ఈ రెండు కొసల మధ్య మన దగ్గర ఇంకొకటి జరిగింది. దాన్నీ చెప్పుకోవాలి. తెలంగాణలో మాదిగలను అడిగి బతికే చిందు కులం వాళ్లు యక్షగానాలు ఆడతారు. జాంబపురాణం ఆడతారు, ఎల్లమ్మ వేషం కడతారు. వాళ్ల కిరీటాలు, భుజకీర్తులు, కంఠాభరణాలు తేలికైన పొనికి కర్రతో చెక్కినవి. వాటికి రంగులు పూసి, అద్దం ముక్కలు అతికిస్తారు. నిర్మల్ బొమ్మలు చేసే కర్ర కూడా పొనికే.

బంగారం పెట్టుకోకూడదన్న ఊరి నడి బజారులో, కర్ర కిరీటం పెట్టుకుని చిందు మనిషి రాజుగా నిలబడ్డాడు. కాగడా వెలుగులో అద్దం ముక్కలు మెరుస్తుంటే ఊరు ఊరంతా చూసింది. ఆ కళలో పేరుమోసిన చిందు ఎల్లమ్మ నిజామాబాద్ జిల్లా మనిషి. ఆడవేషాలతో పాటు మగవేషాలూ కట్టింది. 2005లో కన్నుమూసింది. తెల్లవారి వేషం విప్పితే మళ్లీ వెలివాడే, నిజమే. అయినా ఆ కర్ర నగలు ఒకరు అంటగట్టినవి కావు. తాము చెక్కుకున్నవి, తమ పురాణం చెప్పుకోవటానికి పెట్టుకున్నవి. కల్లుమాలకూ చిందు భుజకీర్తికీ వస్తువులో పెద్ద తేడా లేదు, రెండూ చవకవే. తేడా అంతా ఎవరి ఇష్టం మీద అవి ఒంటికెక్కాయన్న దాంట్లోనే ఉంది.

ఇప్పటి మాట

ఇవాళ నగరాల్లో పాత కాగితం చుట్టల జుంకాలు, సీసా మూతల లాకెట్లు, పాత చీర అంచుల దండలు ఖరీదైన దుకాణాల్లోకి వచ్చాయి. బడుల్లోనూ పారేసిన వస్తువులతో నగలు చేయించే పనులు పెడుతున్నారు. మంచిదే. పిల్లల వేళ్లకు పని తెలుస్తుంది. అయితే ఆ పాఠంలో రెండు సంగతులు కలపకపోతే అది పాఠం కాదు.

మొదటిది, పారేసింది ఎవరు, ఏరింది ఎవరు అన్నది. ఈ దేశంలో చెత్త ఎత్తే పని, మురుగు తీసే పని కులం చూసి అప్పగించినదే. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం చేయవలసి వచ్చింది. సీసా మూత లాకెట్ కాకముందు ఎవరో ఒకరు దాన్ని చెత్తకుప్పలోంచి ఒట్టి చేతుల్తో తీశారు. ఆ చెయ్యి కనపడకుండా నగ ఒక్కటే మెరిస్తే, అది నిజాం నగల ప్రదర్శన లాంటిదే.

రెండోది, ఒకరికి సరదా అయినది ఇంకొకరికి శిక్షగా ఉండేదన్నది. అది పాత ముచ్చట అని కొట్టిపారేయలేం. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాన్ని 2015లో సవరించినప్పుడు, దళితులను కొత్త బట్టలు కట్టనివ్వకపోవటం, చెప్పులు తొడగనివ్వకపోవటం, పెళ్లి ఊరేగింపు తీయనివ్వకపోవటం నేరాలని విడిగా రాయవలసి వచ్చింది. ఎక్కడా జరగని పనికి ఎవరూ చట్టం రాయరు. 1930 నాటి రామనాథపురం జాబితా పక్కన ఈ సవరణ పెట్టి చదవండి, ఎన్ని మాటలు కలుస్తాయో.

డిసెంబరు 6న ముంబయి చైత్యభూమికి వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ దారులెంట అంబేద్కర్ బొమ్మ ఉన్న లాకెట్లు అమ్ముతారు. చవక లోహం, చవక దారం. బంగారం లేకపోతే ఏమీ వద్దన్న మనిషి బొమ్మనే చవక బిళ్ల మీద వేసుకుంటున్నారు. ఆయన మాటకు ఇది ఎదురు కాదు. ఎవరూ వేసుకోమని ఆజ్ఞాపించలేదు, ఎవరూ తీసేయమంటే తీసేవాళ్లూ కారు.

చివరగా ఒక పని. ఈ చరిత్ర రాయటానికి పెద్ద గ్రంథాలయాలు అక్కర్లేదు. కాలేజీ విద్యార్థులు, బడి పంతుళ్లు, సంఘాల కార్యకర్తలు ఎవరి గూడెంలో వాళ్లు మొదలుపెట్టవచ్చు. అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని నాలుగు మాటలు అడగండి. చిన్నప్పుడు చెవికి, మెడకు ఏం పెట్టుకున్నారు? దాన్ని ఎవరు చేశారు, దేనితో చేశారు? ఏది పెట్టుకోవద్దని ఎవరన్నారు? మొదటిసారి వెండి గానీ బంగారం గానీ ఎప్పుడు పెట్టుకున్నారు, అప్పుడు ఊరు ఏమంది? వాళ్లు చెప్పిన మాట వాళ్ల యాసలోనే రాయండి. మీ ఇంట్లో పాత పెట్టె అడుగున చిల్లుకాణీ గానీ గాజు ముక్కల గొలుసు గానీ ఇంకా ఉంటే, దాని పక్కన చేసినవాళ్ల పేరు ఒక చీటీ మీద రాసి పెట్టండి. నిజాం నగలకు పెట్టుకున్నవాళ్ల పేర్లు మిగిలాయి, చేసినవాళ్లవి మిగలలేదు. మన నగలకన్నా చేసినవాళ్ల పేరు మిగలాలి.